బాపు సీటు కింద భౌతికశాస్త్రం

నురుగు అనగానే మనకు ముందుగా గుర్తొచ్చేది పొంగే పాలు, ఆ తర్వాత సబ్బు నీళ్లు. రెండింటి నురుగుకూ ఆయుష్షు కొద్ది క్షణాలే. అందుకే పెద్దలు నిలవని బతుకును నీటి బుడగతో పోల్చారు. కాని ఆ బుడగను గట్టిపరిచి, చెదిరిపోకుండా నిలబెట్టే ఉపాయం మనిషికి దొరికింది. అలా నిలిచిన నురుగునే ఇప్పుడు ఫోమ్ అంటున్నాం, మా దిక్కు స్పాంజి అంటారు. పరుపులో ఉన్నది అదే, బస్సు సీటులో ఉన్నది అదే. కొత్త టీవీ పెట్టెలో తెల్లగా వచ్చే థర్మోకోల్ కూడా ఆ జాతిదే. ఈ నురుగు చేత చప్పుడును, అదురును ఎంతవరకు అదుపు చేయించవచ్చు అన్నదే ఈ వ్యాసం విషయం. రాస్తున్నవాడు శాస్త్రజ్ఞుడేమీ కాడు, బి.ఎస్సీ. రెండో సంవత్సరం చదువుతున్న ఇరవయ్యేళ్ల రైతుబిడ్డ. కాబట్టి ఇందులో సగం పుస్తకాల్లోంచి, సగం మా చేనులోంచి వచ్చిందని చదువరులు గ్రహించగలరు.

మాది కామారెడ్డి జిల్లాలోని జుక్కల్. 2016 అక్టోబరులో కొత్త జిల్లా ఏర్పడేదాకా నిజామాబాదు జిల్లా కింద ఉండేవాళ్లం. మా మండలం తెలంగాణకు అంచు. ఒక పక్క మహారాష్ట్ర, ఇంకో పక్క కర్ణాటక. మా సంతలో తెలుగు, మరాఠీ, కన్నడం, ఉర్దూ నాలుగూ వినపడతాయి. కౌలాస్ కోట మా మండలంలోనిదే. నేలలు ఎక్కువగా నల్లరేగడి. సోయా, పత్తి, కంది, పెసర, మినుము మా పంటలు. రేగడి సంగతి తెలిసినవాళ్లకు చెప్పనక్కర లేదు. వాన పడితే బంక, ఎండితే రాయి. ఎండిన పెడ్డల మీద ట్రాక్టరు నడపడమంటే మెట్ల మీద సైకిలు తొక్కినట్టే.

మా బాపు ఇరవై ఏళ్లకు పైగా ట్రాక్టరు నడుపుతున్నాడు. మా చేను దున్నేది కొద్ది రోజులే, మిగతాదంతా కిరాయి. ఆ కిరాయి డబ్బులతోనే నేను ఈ కాలేజీ మెట్లెక్కాను. ఆ పనే బాపుకు రెండు బాధలు కూడా మిగిల్చింది. ఒకటి చెవిది, ఒకటి నడుముది.

బాపుతో మాట్లాడాలంటే ఎదురుగా నిలబడి మాట్లాడాలి. 'పత్తి' అంటే 'కత్తా? కత్తెందుకు?' అంటాడు. ఇది నవ్వుకునే మాట కాదు. పెద్ద చప్పుడు ఏళ్ల తరబడి వింటే చెవి లోపలి నత్తగుల్ల వంటి భాగంలోని సన్నని రోమకణాలు చచ్చిపోతాయి. చచ్చినవి మళ్లీ మొలవవు. ముందుగా దెబ్బతినేది 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల శబ్దాలను పట్టుకునే కణాలు. మన మాటలో అచ్చులు తక్కువ పౌనఃపున్యంలో ఉంటాయి, ప, త, క, స వంటి హల్లుల ఆనవాళ్లు ఎక్కువ పౌనఃపున్యంలో ఉంటాయి. అందువల్ల బాపుకు మాట వినపడుతుంది, ఏ మాటో తెలియదు. అవ్వ మంచంలోంచి సన్నగా పిలిస్తే పలకడు. 'నా కొడుక్కు గర్వమెక్కింది' అని అవ్వ ఒకటి రెండుసార్లు కంటతడి పెట్టుకుంది కూడా. గర్వం కాదమ్మా, ఇంజను అని చెప్పినా ఆమె నమ్మలేదు.

అంకెలు చూద్దాం. క్యాబిన్ లేని ట్రాక్టరు బరువు పని చేస్తున్నప్పుడు నడిపేవాని చెవి దగ్గర శబ్దం 90 డెసిబెల్లు దాటడం మామూలు విషయం. అమెరికాలోని వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ రోజుకు 8 గంటల పనికి 85 డెసిబెల్లు హద్దుగా సూచించింది. ఆపైన ప్రతి 3 డెసిబెల్లకు శబ్దశక్తి రెట్టింపవుతుంది గనుక సమయం సగం కావాలి. 88కి 4 గంటలు, 91కి 2 గంటలు, 94కి ఒకే ఒక్క గంట. నాట్ల సమయంలో, దుక్కుల సమయంలో బాపు పది గంటలు సీటు దిగడు. మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కింద వచ్చిన నమూనా నిబంధనల్లో 8 గంటలకు 90 డెసిబెల్లని రాశారు. అయితే చేను ఫ్యాక్టరీ కాదు కదా! అక్కడ యజమానీ బాపే, కూలీ బాపే. ఎవరు ఎవరి మీద ఫిర్యాదు చేయాలి?

మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో కేంద్ర ప్రభుత్వపు వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. అటువంటిదే మన తెలుగునాట అనంతపురం జిల్లా గార్లదిన్నెలో ఉంది. ట్రాక్టరును పరీక్షించేటప్పుడు అది ఎంత బరువు లాగుతుందో, ఎంత డీజిలు తాగుతుందో కొలవడమే గాక, నడిపేవాని చెవి దగ్గర చప్పుడు ఎంత, యంత్రంలో అదురు ఎంత అని కూడా కొలిచి నివేదికలో రాస్తారు. ట్రాక్టరు కొనేటప్పుడు మావాళ్లు హెచ్.పి. అడుగుతారు, వాయిదా ఎంత అని అడుగుతారు. ఆ చెవి అంకెను అడిగిన రైతును నేను ఇంతవరకు చూడలేదు.

ఇప్పుడు నురుగు దగ్గరికి వద్దాం. 1937లో జర్మనీలోని లెవర్‌కూజెన్ పట్టణంలో ఆటో బాయర్ అనే రసాయన శాస్త్రవేత్త, ఆయన తోటివారు పాలీయురిథేన్ అనే పదార్థానికి దారి కనుగొన్నారు. ఐసోసయనేట్‌కు నీరు తగిలితే కార్బన్ డయాక్సైడ్ వాయువు విడుదలవుతుంది. ఆ వాయువు వల్ల మొదటి నమూనాల్లో బుడగలు పడితే, అది తయారీలో లోపమని చూశారట. చిల్లుల చీజుకు నకలు చేయడానికి తప్ప ఎందుకూ పనికిరాదని ఒకరు వెక్కిరించినట్టు కూడా కథ ఉంది. తర్వాత ఆ లోపమే సరుకైంది. ఈనాడు మనం కూర్చునే, పడుకునే స్పాంజిలో ఎక్కువ భాగం ఆ వంశానిదే.

ఫోమ్‌లన్నీ ఒకటి కావు. వాటిని లోపలి గదులను బట్టి రెండు జాతులుగా విడదీయవచ్చు. మొదటిది తలుపులు తెరిచి ఉంచిన ఇల్లు వంటిది. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గాలి పోతుంది. పరుపు స్పాంజి ఇటువంటిది. రెండవది తలుపులే లేని గదుల ఇల్లు. ఏ గది గాలి ఆ గదిలోనే బందీ. థర్మోకోల్ ఇటువంటిది. ఏది ఏదో తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కర లేదు. ముక్క తీసుకుని పెదాలకు ఆనించి ఊదండి. అవతలికి గాలి వస్తే మొదటి జాతి, రాకుంటే రెండవ జాతి.

శబ్దమంటే గాలి ముందుకూ వెనక్కూ ఊగడమే. ఆ ఊగే గాలి తెరిచిన గదుల్లోకి చొరబడి, సన్నని గోడలకు రాసుకుంటూ పోతుంది. ఆ రాపిడిలో, స్నిగ్ధత వల్ల, శబ్దశక్తి కొద్దికొద్దిగా వేడిగా మారి అణిగిపోతుంది. మా ఇంట్లో ఇది చిన్నప్పటి నుంచి అనుభవమే, పేరు మాత్రం తెలియదు. పత్తి ఏరే రోజుల్లో నడింట్లో పత్తి కుప్ప పోస్తారు. ఆ గదిలో నిలబడి మాట్లాడితే మన గొంతు మనకే కొత్తగా, మెత్తగా వినపడుతుంది. మామూలు రోజుల్లో ఖంగుమనే గది అప్పుడు మూగనోము పడుతుంది. పత్తి పింజల మధ్య గాలి చేసే పనే స్పాంజిలోనూ జరుగుతుంది.

దీన్ని మొదట లెక్కల్లోకి తెచ్చిన మనిషి కథ మన కాలేజీ వాళ్లు తప్పక తెలుసుకోవాలి. 1895లో హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఒక కొత్త ఉపన్యాస మందిరం కట్టారు. మాట్లాడితే ప్రతిధ్వని సుమారు ఐదున్నర సెకన్ల పాటు మోగుతూ ఉండేది. ఒక వాక్యం పూర్తయ్యేలోగా ముందు వాక్యం ఇంకా తిరుగుతూనే ఉండేదన్న మాట. వాలెస్ సేబిన్ అనే యువ అధ్యాపకుడు దాన్ని సరిచేసే పని చేపట్టాడు. పక్క నాటకశాల నుంచి కుర్చీల మెత్తలు రాత్రిళ్లు మోయించి తెచ్చి, ఆర్గన్ గొట్టం ఊదించి, చెవితో, గడియారంతో ప్రతిధ్వని ఎంతసేపు నిలుస్తుందో కొలిచేవాడు. ఎన్ని మెత్తలు పరిస్తే ఎంత తగ్గిందో రాసుకుంటూ పోయి, చివరికి మనం పుస్తకాల్లో చదివే సూత్రం రాబట్టాడు. శబ్దశాస్త్రంలో ఇంత పెద్ద పని మెత్తలు మోయడంతో మొదలైందంటే, ప్రయోగానికి ఖరీదైన పరికరం కంటే ఓపిక ముఖ్యమని తెలుస్తున్నది.

ఇక్కడొక చిక్కు ఉంది. మెత్త ఎంత మందం ఉండాలి? శబ్దాన్ని బాగా మింగాలంటే ఫోమ్ మందం తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతుకు దగ్గరగా ఉండాలి. 1000 హెర్ట్జ్ శబ్దానికి తరంగదైర్ఘ్యం 34 సెంటీమీటర్లు. నాలుగో వంతు ఎనిమిదిన్నర. అది సాధ్యమే. ఇక ట్రాక్టరు సంగతి చూడండి. మూడు సిలిండర్ల ఇంజను నిమిషానికి 1800 చుట్లు తిరిగితే సెకనుకు 45 సార్లు పేలుతుంది. 45 హెర్ట్జ్‌కు తరంగదైర్ఘ్యం ఏడున్నర మీటర్లు, నాలుగో వంతు దాదాపు రెండు మీటర్లు. అంత మందం స్పాంజి కప్పితే ఇక ట్రాక్టరు కనపడదు! అందుకే ఆ దడదడను ఫోమ్ ఆపలేదు, దానికి సైలెన్సరే దిక్కు. ఫోమ్ ఆపగలిగేది గేర్ల కీచు, పంపు గోల, రేకుల గలగల వంటి సన్నని శబ్దాలను. చెవికి చెరుపు చేసే వాటిలో ఇవీ ఉన్నాయి గనుక అది చిన్న మేలేమీ కాదు.

ఇంకో అపోహ. ఒక ఊళ్లో ఫంక్షన్ హాలు గోడలకు థర్మోకోల్ పలకలు అంటించి, ఇక బయటికి బ్యాండు చప్పుడు పోదని చెప్పగా విన్నాను. థర్మోకోల్ గదులు మూసి ఉంటాయి గనుక శబ్దాన్ని సరిగా మింగలేదు. బరువు లేదు గనుక అడ్డుకోనూ లేదు. శబ్దాన్ని అవతలికి పోనివ్వకుండా ఆపేది బరువు. గోడ బరువు రెట్టింపైతే సుమారు 6 డెసిబెల్లు తగ్గుతుంది. మింగడం వేరు, ఆపడం వేరు. రెండూ కలిసి పని చేయాలంటే డీజిల్ జనరేటరు చుట్టూ ఉండే పెట్టెను చూడండి. బయట ఇనుప రేకు ఆపుతుంది, లోపల ఫోమో, రాతి ఉన్నో మింగుతుంది. 1000 కె.వి.ఎ. దాకా ఉన్న కొత్త జనరేటర్లు ఒక మీటరు దూరంలో 75 డెసిబెల్లు దాటకూడదని 2002లో నిబంధన తెచ్చాక ఈ పెట్టెలు ఊరూరా కనబడుతున్నాయి. జనరేటరుకు దొరికిన పెట్టె ట్రాక్టరు మీది మనిషికి ఇంకా దొరకలేదు.

ఇక నడుము సంగతి. పోయిన ఎండాకాలం సెలవుల్లో ఇంటికి పోయేసరికి బాపు నడుముకు తువ్వాల బిగించి కట్టుకుని ఉన్నాడు. సోఫాలు కుట్టే మేస్త్రి ఒకాయన ఆరంగుళాల స్పాంజి సీటు కుట్టిస్తానన్నాడట.

"మెత్తగుంటే మంచిగుంటది గదా బిడ్డా, ఏమంటవ్?" అన్నాడు బాపు.

"రెండు దినాలు ఆగు బాపు, కొలిచి చూద్దాం" అన్నాను.

కొలవడానికి పెద్ద సరంజామా ఏమీ కాదు. ప్రతి ఫోనులోనూ త్వరణాన్ని కొలిచే సెన్సారు ఉంటుంది. జర్మనీలోని ఆఖెన్ విశ్వవిద్యాలయం వాళ్లు విద్యార్థుల కోసం ఉచితంగా ఇచ్చిన ఫైఫాక్స్ అనే యాప్ దాన్ని గీతగా గీసి, ఏ పౌనఃపున్యంలో అదురు ఎక్కువుందో చూపిస్తుంది. మా తమ్ముడి ఫోను కాళ్లు పెట్టే రేకు మీద టేపుతో అంటించాం. నా ఫోను ఒక పలుచటి చెక్కకు కట్టి బాపు కూర్చునే చోట పెట్టాం. ఒకే పట్టీ నేల మీద, ఒకే గేరులో, మొదట పాత సీటుతో, తర్వాత మేస్త్రి దగ్గర అడిగి తెచ్చిన మందపాటి స్పాంజితో నడిపించాం.

రెండు గీతలు పక్కపక్కన పెట్టి చూస్తే విషయం తెలిసింది. మందపాటి స్పాంజి మీద ఇంజను జిలజిల దాదాపు పోయింది. కాని మూడు హెర్ట్జ్ దగ్గర కింది రేకు మీద ఉన్న గుట్ట కంటే సీటు మీది గుట్ట ఎత్తుగా ఉంది. అంటే పెద్ద ఊపును స్పాంజి తగ్గించలేదు, పెంచింది.

దీనికి కారణం అనునాదం. ఫోమ్ కూడా ఒక స్ప్రింగే. స్ప్రింగుకూ దాని మీది బరువుకూ కలిపి ఒక సహజ పౌనఃపున్యం ఉంటుంది. ఉయ్యాలను దాని వేళకు తోస్తే చిన్న తోపుకే పైకి లేస్తుంది కదా, అదే ఇది. కింది అదురు సహజ పౌనఃపున్యానికి సుమారు 1.4 రెట్లు దాటినప్పుడే స్ప్రింగు దాన్ని తగ్గించడం మొదలుపెడుతుంది. ఉత్త ఫోమ్ సీటులో మనిషి కూర్చుంటే ఆ సహజ పౌనఃపున్యం సాధారణంగా 4 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. వెనక చక్రాలకు స్ప్రింగులు లేని ట్రాక్టరు తన టైర్ల మీద తాను ఎగిరేది కూడా ఇంచుమించు ఆ దగ్గరలోనే. కూర్చున్న మనిషి ఒళ్లు నిలువు అదురుకు ఎక్కువగా బాధపడేది 4 నుంచి 8 హెర్ట్జ్ మధ్య. మూడూ ఒకచోట చేరాయి. చేతికి మెత్తగా తగిలేది నడుముకు మేలు చేస్తుందని నమ్మరాదు. చేతికి తెలిసేది జిలజిల, నడుము మోసేది ఊపు.

మరి దారి ఏమిటి? అది పాత సీటు కిందే ఉంది. చాలా ట్రాక్టర్ల సీటు కింద ఒక స్ప్రింగు, ఒక షాక్ అబ్జార్బరు, నడిపేవాని బరువును బట్టి బిగించుకునే ఒక పిడి ఉంటాయి. బాపు సీటు కింద ఆ పిడి మట్టిపట్టి, తుప్పుపట్టి కదలకుండా కూర్చుంది. అది తిప్పేదని మా వాడలో ఎవరికీ తెలియదు. కిరసనాయిలు పోసి ఒక రాత్రి నాననిచ్చాం. తెల్లారి గ్రీజు పెట్టి, బాపు బరువుకు సరిపడా తిప్పాం. లీకైన షాక్ అబ్జార్బరును మార్పించాం. పైన ఆరంగుళాల మెత్తటి స్పాంజికి బదులు రెండంగుళాల గట్టి ఫోమ్ వేయించాం. ఊపును స్ప్రింగు చూసుకుంటుంది, ఫోమ్ పని కూర్చున్న బరువును అంతటా సమంగా పంచడమే. ఖర్చు మేస్త్రి చెప్పిన సీటు కంటే తక్కువే అయింది. మళ్లీ కొలిస్తే గుట్ట దిగింది, పూర్తిగా పోలేదు. నాలుగో రోజు అమ్మ నాతో, "నిన్న రాత్రి మీ బాపు నడుముకు మందు రాయమనలే" అన్నది. యాప్ చూపిన గీత కంటే ఈ మాటే నాకు ఎక్కువ రుజువు.

చెవికి కూడా ఫోమే పనికొచ్చింది, అయితే వేలెడు ముక్క. నొక్కితే నెమ్మదిగా తిరిగి ఉబ్బే ఫోమ్‌తో చేసిన చెవి బిరడాలు 1970ల మొదట్లో అమెరికాలో బజారుకొచ్చాయి. వేళ్లతో సన్నగా వత్తి, చెవిని పైకి లాగి లోపల పెడితే, అది మెల్లగా ఉబ్బి చెవి రంధ్రం ఆకారాన్నే తెచ్చుకుంటుంది. సరిగా పెట్టుకుంటే 20 డెసిబెల్ల దాకా తగ్గుతుంది. ధర కొద్ది రూపాయలే.

బాపు ఒప్పుకోలేదు. ఆయన అభ్యంతరంలో న్యాయం లేకపోలేదు.

"ఇంజను సప్పుడు ఇననిదే లోడెంత పడ్డదో ఎట్ల ఎరుకైతది? ఇరవయ్యేండ్లసంది సప్పుడు మీదనే నడుపుతున్న."

"సప్పుడు మొత్తం పోదు బాపు. అన్నీ ఒక మెట్టు దిగుతయ్, అంతే. చేన్ల పెట్టుకో, రోడ్డెక్కేముందు తీసెయ్."

ఒక సాలు పోయి వచ్చి, ఇంజను ఆపి, బిరడాలు తీసి చేతిలో చూసుకుంటూ అన్నాడు: "సప్పుడు దూరం వొయింది. గని పోలే. లోడు ఎరుకైతనే ఉన్నది."

నురుగు విద్య ఇక్కడితో ఆగలేదు. 1987లో రోడెరిక్ లేక్స్ అనే శాస్త్రవేత్త 'సైన్స్' పత్రికలో ఒక వింత ఫోమ్ గురించి రాశాడు. మామూలు స్పాంజిని మూడు దిక్కులా నొక్కిపెట్టి, వేడి చేసి, చల్లార్చితే లోపలి గదుల గోడలు లోపలికి ముడుచుకుంటాయి. ఆ తర్వాత దాన్ని లాగితే సన్నబడటానికి బదులు లావవుతుంది! పదార్థం అదే, గదుల అమరిక మారింది, గుణమే తిరగబడింది. అప్పటి నుంచి పరిశోధకులు అదురును, దెబ్బను తట్టుకోవడానికి గదుల ఆకారాలనే మార్చి చూస్తున్నారు.

మా ప్రాంతానికి సంబంధించిన ముచ్చట ఇంకొకటి. ఫోమ్ తయారీకి కావలసిన పాలియోల్ అనే ముడిసరుకును పెట్రోలియం నుంచే గాక సోయా నూనె నుంచి కూడా తీయవచ్చు. ఫోర్డ్ కంపెనీ తన 2008 మోడల్ ముస్టాంగ్ కారు సీట్లలో సోయా కలిపిన ఫోమ్ వాడింది. జుక్కల్ చేలల్లో సోయా పండించే రైతు తాను పండించిన గింజ సీటు కాగలదని కలలో కూడా అనుకోడు. గింజను క్వింటాళ్లలో అమ్ముకోవడం దగ్గరే మన కథ ఆగిపోవాలా అన్నది రసాయనశాస్త్రం చదివే మిత్రులు ఆలోచించవలసిన ప్రశ్న.

బాపు పోగొట్టుకున్న వినికిడి తిరిగి రాదు. ఆ మాట ఆయనకు చెప్పాను, తల ఊపి ఊరుకున్నాడు. నా దిగులంతా ఇప్పుడు మా కాక కొడుకు గురించి. వాడికి పంతొమ్మిదేళ్లు. ఈ ఏడే ట్రాక్టరెక్కాడు. ఇంజను చప్పుడు చాలదన్నట్టు వెనక రెండు సౌండు బాక్సులు బిగించి, ఇంజనును మించి పాటలు పెడతాడు. చెవిలో ఉండవలసిన కణాలు వాడికి ఇంకా అన్నీ ఉన్నాయి. చెబితే నవ్వుతాడు. బాపు వాడిని కూర్చోబెట్టి, "నేను పత్తంటే కత్తని ఇంటున్న. నీకు పిల్లను సూసే నాటికి పిల్ల పేరన్న సక్కగ ఇనవడాలె గదరా" అన్నాడు. వాడు నవ్వడం ఆపాడు. బిరడాల డబ్బా అడిగి తీసుకుపోయాడు.

అందుచేత మన విద్యార్థి సంఘానికి ఒక మనవి. ఈసారి ఎన్.ఎస్.ఎస్. శిబిరానికి పోయేటప్పుడు చీపుర్లు, పారలతో పాటు మూడు వస్తువులు తీసుకుపోదాం. మన ల్యాబులోని శబ్దమాపకం, ఒక డబ్బా చెవి బిరడాలు, ఒక స్పానరుతో గ్రీజు డబ్బా. ఊళ్లోని ట్రాక్టర్లన్నింటినీ ఒక్కరోజు ఒకచోట నిలిపి, చెవి దగ్గర చప్పుడు కొలిచి, సీటు కింద పిడి తిరుగుతుందో లేదో చూద్దాం. కొత్త ఫోమ్ కనిపెట్టేవాళ్లు మనలోంచి రేపు రావచ్చు. ఉన్నదాన్ని సరిగా వాడుకోవడం మాత్రం ఇవాళే చెప్పవచ్చు. శిబిరం ఏ ఊళ్లో పెట్టినా నేను సిద్ధం. జుక్కల్‌లో పెడితే భోజనాల బాధ్యత మా అమ్మది: జొన్నరొట్టె, పుంటికూర.